పళ్ళ డాక్టరు మీద నా పగ

నేనొక సిరంజిని. పళ్ళ డాక్టర్లు మత్తుమందు ఎక్కించే స్టీలు సిరంజిని. కార్ఖానాలో సానపట్టి మెరుగుపెట్టి పంపితే, బందరులో డాక్టర్ భావనారాయణ చేతిలో పడ్డాను. నా ఖర్మ!

నా పనేమిటో వినండి. ముందు చిగురు చురుక్కుమంటుంది. మందు దిగుతుంటే కాస్త మంట, బిగువు. తర్వాత పెదవి మొద్దుబారి, వాచిందేమో అనిపిస్తుంది; వాయదు. అప్పుడు పన్ను లాగుతున్నట్టు తెలుస్తుంది గానీ నొప్పి తెలియదు. దీనికి కావలసిందల్లా కాసేపు ఆగడం. ఆ మహానుభావుడికి చేతకానిదే అది! నన్నిలా కిందపెట్టి, పట్టకారు అలా అందుకునేవాడు. బయట జనం కూర్చున్నారట, తొందరట!

చేపలమ్మే నాంచారమ్మ పంటి నొప్పితో వచ్చింది. పన్ను కదపగానే ఆమె వేసిన కేకకు బయటి జనమంతా లేచి నిలబడ్డారు. "నొప్పి కాదు, నీకు భయం! ఈ సిరంజి కూడా దండగమారిది" అన్నాడు డాక్టరు. ఆమె పన్నుతోనే పారిపోయింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నింద నా మీదకా? నాకు ఒళ్ళు మండిపోయింది. నీ నోరూ నా కిందికి రాకపోతుందా అని కాచుకున్నాను.

వచ్చింది! ఆయన జ్ఞానదంతమే పుచ్చింది. ఆయన దగ్గర పనిచేసే డాక్టర్ హేమలత నన్ను చేతిలోకి తీసుకుంది. అదే పూట నాంచారమ్మను కూతురు లాక్కొచ్చింది. దవడంతా వాచింది, గంజి కూడా దిగడం లేదు. చీము మెడకు పాకితే ప్రాణం మీదకొస్తుందని హేమలత చెప్పింది. "చస్తే చస్తా గానీ ఆ సూది వద్దమ్మా!" అంటూ నాంచారమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

నేను ఆయన చిగురులోకి కసిగా దిగాను. హేమలత పట్టకారు ముట్టుకుందో లేదో, కుర్చీలోంచి కేక.

"ఆగమ్మా, ఆగు! ఇంకా మొద్దుబారలేదు!"

"మీరు ఆగరు కదండీ?"

"నా సంగతెందుకు, ఆగు తల్లీ!"

ఆమె ఆగింది. పన్ను హాయిగా ఊడొచ్చింది. "నొప్పే లేదే!" అన్నాడాయన ముద్దముద్దగా. అయ్యో, నా చేతుల్లోంచి జారిపోయాడే అని కుమిలిపోయాను.

నాంచారమ్మ లోపలికి వచ్చింది. "అయితే ఆ రోజు నాది భయం కాదన్నమాట! తమరు ఆగకుండా లాగబట్టే గదండీ నేనంత ఏడ్చింది?"

నోట్లో దూది, వేలాడే పెదవి. ఆయన గడ్డం తుడుచుకున్నాడు.

"లెగండి, నేను కూర్చుంటా. అమ్మా, నువ్వు పీకు. ఆయన్ని మాత్రం ఇక్కడే నిలబడి చూడమను."

ఆయన నిలబడ్డాడు.