ఏడో గుండు

గురి సాధన మొదలుపెట్టిన రోజున నాగేశ్వరయ్య చేతిలో ఉన్నది తన అంగడికన్నా వయసెక్కువైన ఒక జర్మనీ గాలి తుపాకీ, సగం డబ్బా సీసపు గుండ్లు, అంగడి వెనక పదిమీటర్ల పొడవున్న పైపుల గోడౌను. బళ్లారిలో ఒక గని ఆఫీసరు సామాను వదిలించుకుని పోతుంటే, అర హార్స్‌పవర్ మోటారు ఇచ్చి తుపాకీని తెచ్చుకున్నాడు. కళ్యాణదుర్గంలో పంపుసెట్ల సామాన్లు అమ్మేవాడికి తుపాకీ ఎందుకని భార్య పద్మావతమ్మ అడిగింది. కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి.లో ఒకసారి గురి తగిలి, మైదానమంతా తన పేరు పెట్టి అరిచిన సంగతి ఆయన చెప్పలేదు. ముప్ఫై ఏళ్లుగా ఊరు ఆయన్ని పైపుల శెట్టి అనే పిలుస్తోంది.

మామూలు గాలి తుపాకీ కాలిస్తే స్ప్రింగు దెబ్బకు గురి చెదురుతుంది. ఇది పోటీల కోసం చేసినది. కాల్చగానే ఇనుపభాగమంతా లోపలి పట్టాల మీద కాస్త వెనక్కి జారి ఆ దెబ్బను మింగేస్తుంది. భుజానికి ఆనే కట్టె మాత్రం కదలదు. అంత నేర్పుగా చేసినవాళ్లు పిస్టన్‌కు మాత్రం కాలం తినేసే వాషరు పెట్టారు. విప్పితే గోధుమరంగు పిండి రాలింది.

కొత్తది జర్మనీ నుంచి రావాలి. నాగేశ్వరయ్య కుళ్లాయప్పను పిలిపించాడు. చుట్టుపక్కల ఊళ్లలో బోరింగులు బాగుచేసి బతికిన మనిషి కుళ్లాయప్ప. నీళ్లు వెయ్యి అడుగుల కిందికి పోయాక ఆ చేతిపంపులు ఎండిపోయాయి, ఆయన పనీ ఎండిపోయింది. రాలిన పిండిని అరచేతిలో నలిపి చూశాడు.

"ఇంతేనా శెట్టీ? బోరింగులో ఉండేదీ ఇదే గదా. ఆడ నీళ్లు తోస్తాది, ఈడ గాలి తోస్తాది."

ఎనుముతోలు నానబెట్టి, అచ్చులో వంచి, మైనం పట్టించి నాలుగు రోజుల్లో తెచ్చి బిగించాడు. పట్టాలు గుడ్డతో తుడిచి కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేశాడు.

"గొట్టంలోకి మాత్రం నూనె పోనీయొద్దు. పోయిందా, డీజిలింజన్ మాదిరి లోపలే మండి తోలు కాల్తాది, స్ప్రింగు తునిగిపోతాది."

"ఎంతియ్యమంటావప్పా?"

"దుడ్లొద్దులే. ఆదివారం ఆదివారం పది గుండ్లు కాల్చనీ, చాలు."

పది గుండ్లంటే ఒక టీ ఖరీదు కూడా కాదు. ఇంత చవక బేరం ఎప్పుడూ చేయలేదనుకున్నాడు నాగేశ్వరయ్య.

నాలుగు ఆదివారాలకు ఆ బేరం చేదెక్కింది. నాగేశ్వరయ్య కాల్చిన పది గుండ్లు గురి కార్డంతా చెదిరిపడేవి. నూటికి ఎనభై దాటితే పండగే. కుళ్లాయప్ప సగం ఊపిరి వదిలి నిలిపాడంటే గుండ్లన్నీ ఒకే చోట దూరేవి.

"ఏమప్పా, మంత్రమేమన్నా వేస్తాండావా?"

"బోరింగు కడ్డీ పట్టుకుంటే అంత లోతులో వాషరు యాడ చిరిగిందో చేతికి తెలియాల శెట్టీ. నీవి తక్కెడ పట్టిన చేతులు. కొంచెం వాలతాయిలే."

నాగేశ్వరయ్య నవ్వాడు గానీ, ఆ మాటను వారమంతా మరవలేదు.

అంతలో బెంగుళూరు క్లబ్బొకటి పాత తుపాకులకు పోస్టులో పోటీ పెట్టింది. ముద్ర వేసిన కార్డు ఇంటికే వస్తుంది. పది గుండ్లు కాల్చి, కాల్చినవాడి పేరూ సాక్షి సంతకమూ పెట్టి పంపాలి. మనిషికి ఒకటే కార్డు. నాగేశ్వరయ్య ఈ సంగతంతా చెప్పి, ఆ కార్డు తగిలించి, "ముందు నువ్వు కాల్చప్పా" అన్నాడు. అప్పటికి తన మనసులో ఏమీ లేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. అది నిజం కాదు.

ఆరు గుండ్లు కార్డు నడిమధ్య ఒకే రంధ్రంలో పోయాయి. ఏడోది నొక్కే క్షణంలో వీధిలో లారీ హారన్ మోగింది. గుండు ఎడమకు తప్పి ఏడు పాయింట్ల వలయంలో పడింది.

"వాని నోట్లో మన్నుపడ!" అని తిట్టి, మిగతా మూడూ మళ్లీ ఆ రంధ్రంలోకే పంపాడు కుళ్లాయప్ప. తొంభై ఏడు.

కార్డంతా ఇంగ్లీషు. కుళ్లాయప్పకు తెలుగే వచ్చు. నాగేశ్వరయ్య కింది గీత మీద వేలుంచాడు.

"ఈడ సంతకం పెట్టప్పా."

"నా పేరుతోనే పోతాందా శెట్టీ?"

"నీ పేరు ఉంటాదిలే."

అబద్ధం కాదు. ఒక్కో అక్షరం చెక్కినట్టు రాసిన ఆ పేరు సాక్షి గీత మీద ఉంది. ఆయన వెళ్లాక, కాల్చినవాడి గీత మీద నాగేశ్వరయ్య తన పేరు రాసుకున్నాడు.

కార్డు పోస్టులో తప్పిపోయిందని, గుండ్లు అయిపోయాయని, వచ్చాక కబురు చేస్తానని కుళ్లాయప్పకు చెప్పాడు. రెండు నెలలకు మొదటి బహుమతి పతకం వచ్చింది, కార్డూ తిరిగొచ్చింది. దానికి అద్దం కట్టించి గల్లా వెనక తగిలించాడు. ఊరు ఆయన్ని గురి శెట్టి అనడం మొదలుపెట్టింది.

వెనకే ఒక ఉత్తరం వచ్చింది. గెలిచినవాళ్లు అదే తుపాకీతో బెంగుళూరు వచ్చి అందరి ముందూ కాల్చాలట.

"మేమూ వస్తాం శెట్టీ, సుమో మాట్లాడదాం," అన్నాడు పక్క అంగడి గంగాధర్.

పది రోజులు సాధన చేశాడు. డెబ్భై ఎనిమిది. ఎనభై ఒకటి. డెబ్భై నాలుగు. పదకొండో రోజు వంటింట్లోంచి వేరుశెనగ నూనె తెచ్చి గొట్టంలో పోసి కాల్చాడు. పిడుగు పడినట్టు మోగింది. పొగ వచ్చింది. లోపల స్ప్రింగు విరిగిన చప్పుడు వినబడింది.

"తుపాకీతో బజ్జీలు వేస్తాండావా ఏంది?" అని పద్మావతమ్మ కేకేసింది.

తుపాకీ చెడిపోయింది, రాలేనని క్లబ్బుకు రాశాడు. ఊరంతా అయ్యో అంది. ఆ మాట చెవినపడి, పిలవకుండానే కుళ్లాయప్ప పానాల సంచితో వచ్చాడు. గల్లా పక్కనే కూర్చుని విప్పి, నల్లగా కాలిన వాషరును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"శెనక్కాయ నూనె. వద్దంటి గదా."

"మరిచిపోతినప్పా."

కుళ్లాయప్ప తలెత్తాడు. అద్దంలో కార్డు కనబడింది. లేచి దగ్గరికి పోయి, ఎడమకు తప్పిన రంధ్రం మీద వేలు పెట్టాడు.

"ఏడో గుండు. లారీ." వేలు కిందికి జారి, పై గీత మీది శెట్టి చేతిరాతను దాటి, తన సంతకం దగ్గర ఆగింది. "ఎవురు కాల్చినారని సాక్షి పెట్టించినావు శెట్టీ?"

నాగేశ్వరయ్య గల్లా సొరుగు తెరిచాడు. "ఇంకో వాషరు చేసియ్యప్పా. అడిగినంత ఇస్తా," అన్నాడు.

"చేసిస్తా. కాల్చేదెవురు?"

కాలిన తోలు జేబులో వేసుకుని, "ఇది నాది," అని మెట్లు దిగిపోయాడు. ఊళ్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు. మళ్లీ రాలేదు.

లెక్క చూసుకుంటే నాగేశ్వరయ్య దగ్గర మిగిలింది ఇంతే. గుండ్లు సగం డబ్బా, మధ్యలో కొత్తవి కొన్నా మొదట ఉన్నన్నే. వాషరు లేని తుపాకీ, అదీ మొదటి మాదిరే, పైగా స్ప్రింగు విరిగింది. పోయినవి ఆదివారాలు. కొత్తగా చేతికొచ్చింది గురి శెట్టి అనే పేరు ఒక్కటే. అదీ ఇంకొకరిది.