నిండు కడుపు బొమ్మ

కబ్సా, అదే మాంసం అన్నం, వండిన డేగిసా అడుగంటితే ఇసుకతో తోముతున్నాను. విహారానికి వచ్చినా అంట్లు అంట్లే. హాయిల్ పట్నం దాటి ఈ అరబ్బు ఎడారి కొండలకు నేను పనిచేసే ఇంటివాళ్లు ఇంటిల్లిపాదీ వచ్చారు, వాళ్లు చూడటానికి, నేను వండటానికి. కొండ రెండు మూపుల ఒంటె మోకాళ్లు వేసినట్టుంది. వేల ఏళ్ల కిందట ఇక్కడ మొదట బతికిన మనుషులు రాళ్ల నిండా బొమ్మలు చెక్కారు. అందులో ఒకావిడ, చేతులు పైకెత్తి, నిండు కడుపుతో. చూడగానే నా కూతురు రెడ్డెమ్మే గుర్తొచ్చింది. నా బిడ్డకు నెలలు నిండాయి. తొలికాన్పు తల్లి దగ్గరే కదా!

పొత్తిగుడ్డలకని నా నూలుచీర ఉతికి ఉతికి మెత్తబరిచి సంచిలో పెట్టుకున్నాను. "సంచి కూడా తెచ్చుకో, ఇటునుంచి ఇటే విమానం ఎక్కిస్తాం" అంది మామా. మామా అంటే యజమానురాలు, ఇక్కడ అలాగే పిలవాలి. నాలుగేళ్లుగా "నువ్వు మా ఇంటి మనిషివి" అంటుంటే, పిచ్చిముఖాన్ని, నమ్మాను.

తలెత్తి చూద్దును కదా, డ్రైవర్ నౌమాన్ నా సంచిని మామా చెల్లెలి కారులో పెడుతున్నాడు. అందులో ఎందుకన్నాను. "ఆప్‌కో నహీ బతాయా?" అని తల దించుకున్నాడు. నాకెవరు చెప్పారు!

మామా నవ్వుతూనే ఫోన్ నా చేతిలో పెట్టింది. "ఇక మా చెల్లెలి ఇంట్లో ఉంటావు. మీ ఆయన్నే అడుగు, ఇంకో రెండేళ్లకు ఒప్పుకున్నాడు."

అవతల మునిస్వామి, నా మొగుడు. "ఉంటే ఏమైతాదిమే? పురుడుకు మా అక్క ఉండాది లే. ఇల్లు సగంలో నిలబడిపోయె. మొగోళ్లం మాట్లాడుకున్న్యాం, నోర్మూసుకోని ఉండు."

ఒకప్పుడు ఈయన ఈ దేశంలోనే యాన్బులో పనిచేసి నేర్చుకున్న అరబ్బీ అంతా నన్ను అప్పజెప్పడానికే పనికొచ్చిందన్నమాట. "బిడ్డ కాన్పుకు నేనే వచ్చి విమానం కాడ నిన్ను దింపుకుంటా" అని ఫోనులో నా మీద ఒట్టేసి చెప్పిన మనిషే ఈయన. మామా మోసం చేసిందంటే పరాయిది. ఈయనకేం పుట్టింది? ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

కారులోంచి సంచి లాగి, ఆ బొమ్మ కింద వేసి, దానిమీదే కూర్చున్నాను. మామా "యల్లా, యల్లా" అని, పద పదమని అరుస్తోంది. ఆయన ఇంకా ఫోన్ పెట్టలేదు.

"మాటిచ్చింది నువ్వు గదా, నువ్వే రా. వచ్చి ఈళ్ల డేగిసాలు తోము. నేను నా బిడ్డ కాడికి పోతాండా."