బోను తలుపుకు కట్టిన సుతిలి

పాముకు మేత పెట్టడం కూడా ఒక నౌకరీయేనా అని నవ్వేవాళ్లు నవ్వండి. దుబాయ్ అంటే ఏమనుకున్నారు మరి? అక్కడికి పోయి ఒంటెలు మేపినవాళ్లున్నారు, డేగలకు మాంసం ముక్కలు కోసి పెట్టినవాళ్లున్నారు. మెట్‌పల్లి పక్క పల్లె నుంచి తాపీ పని అని చెబితే నమ్మి విమానమెక్కిన లింబాద్రికి, దుబాయ్ పక్కనున్న అజ్మాన్‌లో ఒక అర్బాబు, అంటే అరబ్బు యజమాని, ఇంట్లో తోటపని దక్కింది. తోటపని వెంట పాము కూడా వచ్చి తగులుకుంది.

అర్బాబు కొడుకు సైఫ్‌కు ఇరవై ఏళ్లుంటాయి. ఎవరి పిచ్చి వారికానందం. రేవులో పడవ దిగిన ఒక నావికుడి దగ్గర మనిషి నిలువంత కొండచిలువను కొనుక్కొచ్చి, బయటి గదిలో అద్దాల పెట్టెలో పెట్టాడు. గురువారం సాయంత్రాలు దోస్తులను పిలిచి, వాళ్ల ముందు దానికి బతికున్న ఎలుకను వేసేవాడు. ఎలుక పరుగులు పెట్టడం, పాము దాన్ని చుట్టేయడం, దోస్తులు కేకలు వేయడం. అంతా అయ్యాక పెట్టె కడిగి, గిన్నెలో నీళ్లు మార్చడం లింబాద్రి వంతు.

మొదటి రోజే అతను గది బయట చెప్పులు విడిచి లోపలికి పోయాడు. చేతులు జోడించి, తల వంచుకుని నిలబడ్డాడు. కారు డ్రైవరు ఖాదర్ హుస్సేన్‌ది జగిత్యాల. గుమ్మంలో నిలబడి చూసి అతను నవ్వాడు.

"అది నాగుపాము గాదు లింబన్నా, కొండచిలువ. దానికి పడగేది, నువ్వు దండం పెడ్తున్నవ్?"

"పడగ ఉంటేంది, లేకుంటేంది ఖాదర్ భాయ్. పాము పామే."

నవ్వుకోవడానికి ఖాదర్‌కేం, ఇంటి నిండా పిల్లలు. లింబాద్రి సంగతి వేరు. పెళ్లయి ఎన్నో ఏళ్లయినా భార్య బాలవ్వ ఒళ్లో బిడ్డ లేదు. మొదటిది నాలుగో నెలలో పోయింది. రెండోది నెలలు దగ్గర పడ్డాక, ఏడుపు లేకుండానే పుట్టింది. ఎక్కడ అడిగినా ఒకటే మాట చెప్పారు: నాగదోషం. లింబాద్రి తండ్రి చేను చదును చేస్తూ పుట్టను తవ్వి, అందులోంచి వచ్చిన నాగుల జంటను గడ్డపారతో కొట్టాడట. తండ్రి కొట్టిన దెబ్బ కొడుకు కడుపు మీద పడింది. ఇలాంటి మాటలు ఎవరో నమ్ముతారు, ఎవరో నమ్మరు. రెండుసార్లు పాతిపెట్టి వచ్చిన మనిషి మాత్రం నమ్ముతాడు.

ఇప్పుడు బాలవ్వకు ఆరో నెల. కిందటిసారి సెలవులో పోయినప్పుడు నిలిచిన కడుపు. ఊరి నుంచి కొత్తగా వచ్చిన మనిషి చేత అత్త ఐలవ్వ కబురు పంపింది.

"బిడ్డ భూమ్మీద పడేదాక అల్లుడు ఏ జీవిని సంపొద్దు. కోడిని గూడ కొయ్యొద్దు. కొబ్బరికాయ గూడ కొట్టొద్దు. ఇగ పాము జోలికైతే అసలే పోవద్దు, నీకు దండం పెడ్త అని చెప్పు."

పాపం, అల్లుడు పాముతోనే కాపురం చేస్తున్నాడని ఆమెకేం తెలుసు. ఆ సంగతి లింబాద్రి ఇంటికి చెప్పలేదు. మేత వేసేది సైఫ్ కదా, నీళ్లు మార్చడంలో పాపమేముంది, అది సేవ కిందికే వస్తుంది కదా అని తనకు తాను చెప్పుకున్నాడు. నిజం చెప్పాలంటే లోలోపల కాస్త ధైర్యం కూడా వచ్చింది. రోజూ దండం పెట్టించుకుంటున్న దేవుడు ఈసారి కనికరించాడేమో అనుకున్నాడు.

ఇంతలో సైఫ్‌కు అల్ ఐన్‌లో మేనమామ ఇంట పెళ్లి వచ్చింది. ఇంటిల్లిపాదీ వెళ్తున్నారు. కారు తామే నడుపుకుంటామని ఖాదర్‌ను ఇంటి దగ్గరే ఉండమన్నారు. కారెక్కబోతూ సైఫ్ అతన్ని పిలిచి వచ్చీరాని హిందీలో పని అప్పగించాడు. పాము తిని చాలా రోజులైంది, రేపు మేత పెట్టు. తెల్ల ఎలుకలమ్మే దుకాణం మూశారు, కాబట్టి బజారులో పిండి గోదాము వాచ్‌మన్‌ను అడిగితే బోనులో పడ్డ ఎలుకనిస్తాడు. గోదాము ఎలుకకు పళ్లు గట్టివి, ముందు దాని తల గోడకేసి కొట్టి, స్పృహ తప్పాక పెట్టెలో వెయ్యి. పాము మింగేదాకా అక్కడే నిలబడు. మింగకపోతే ఎలుకను బయటికి తియ్యి. తిన్నాక మాత్రం దాన్ని కదిలించకు. ఇంత చెప్పి యల్లా, పోదాం పదండి అన్నాడు, కారు కదిలింది.

లింబాద్రి గేటు మూసి వచ్చి ఆలోచనలో పడ్డాడు. ఎలుకను గోడకు కొడితే ఒక జీవి ప్రాణం తీసినట్టే. పెట్టకపోతే పాము కడుపు మాడుతుంది, దాని ఉసురు ఊరికే పోతుందా? కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అని సామెత చెప్పినవాడు ఏ అద్దాల పెట్టె ముందు నిలబడి చెప్పాడో గానీ, లింబాద్రి కోసమే చెప్పినట్టుంది.

మర్నాడు పొద్దున గోదాము నుంచి ఖాదర్ బోను తెచ్చి పెట్టాడు. లోపల ఎలుక పిల్లిపిల్లంత ఉంది. తీగలను పళ్లతో పట్టి లాగుతోంది.

"భాయ్, నువ్వే జర గోడకు కొట్టి ఏస్తవా?" అని లింబాద్రి బతిమాలాడు. "నాకు ఇంటికాడ ఎట్లున్నదో నీకు తెల్సు గదా."

"బోను తెమ్మంటే తెచ్చిన. ఆ పెట్టె మూత తీసుడు నాతోని గాదు లింబన్నా. నాకు పామంటే చిన్నప్పటి నుంచే భయం."

అంత పొడుగు మనిషి భయమంటే ఏం చేస్తాం. లింబాద్రి చాలాసేపు బోను ముందు కూర్చుని ఒక ఉపాయం పన్నాడు. బుద్ధిమంతులకు రాని ఉపాయం, భయపడ్డవాడికే వస్తుంది. సామాన్ల కొట్లో నుంచి సుతిలి తాడు తెచ్చి బోను తలుపుకు కట్టాడు. బోనును పెట్టెలో దించి, మూత సందులోంచి సుతిలిని బయటికి తీసి, గది తలుపు కింద నుంచి వరండాలోకి లాగాడు. పాము మూలన చుట్టుకుని పడుకుని ఉంది. అలవాటు ప్రకారం అతను తల వంచుకునే దండం పెట్టాడు, దాని మొహం వైపు కన్నెత్తి చూడలేదు. గది తలుపు వేసి, వరండాలో అటు తిరిగి నిలబడి సుతిలి లాగాడు. లోపల తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

"నేను సంపలే, నేను పెట్టలే. తలుపు తెరిసిన అంతే," అని పైకే అన్నాడు.

మింగేదాకా నిలబడమన్నారు కదా అని ఒక మనసు పీకింది. తిన్న పామును కదిలించొద్దన్నారు కదా అని ఇంకో మనసు సర్దిచెప్పింది. మనకు అనుకూలంగా చెప్పే మనసు మాటే కదా మనం వినేది. ఆ రోజంతా అతను ఆ గది ఛాయలకు పోలేదు. గన్నేరు చెట్లకు పాదులు చేసి, నీళ్లు పట్టి, చేసిన పాదులే మళ్లీ చేశాడు.

మర్నాడు మధ్యాహ్నం తలుపు తీసేసరికి ఎలుక నీళ్ల గిన్నె అంచున కూర్చుని మీసాలు తుడుచుకుంటోంది. పాము వీపు మీద అరచేయంత మేర చర్మం లేదు. మాంసం కొరికేసి ఉంది. రెండు చోట్ల ఎముకలు తెల్లగా కనిపిస్తున్నాయి. పాము ఇంకా ఊపిరి తీస్తోంది.

అప్పుడు చూశాడు లింబాద్రి దాని కళ్లలోకి. రెండూ పాలు పోసినట్టు మసకబారి ఉన్నాయి. కుబుసం విడిచే ముందు పాముకు కళ్లు కనపడవని, అప్పుడది మేత ముట్టదని పల్లెలో పశువుల వెంట తిరిగిన ఎవరికైనా తెలుసు. లింబాద్రికీ తెలుసు. ఒక్కసారి దాని మొహం చూసి ఉంటే ఎలుకను ఆ గదిలోకే తెచ్చేవాడు కాదు. దేవుడి కళ్లలోకి చూడకూడదని ఇన్నాళ్లూ నేల చూపులే చూశాడు.

అతను అక్కడే చతికిలబడి ఏడ్చాడు. తర్వాత లేచి ఎలుకను తరిమేసి, వంటింట్లోంచి పసుపు తెచ్చి గాయాల నిండా అద్దాడు. పాము కాస్త కదిలి ఊరుకుంది.

"మందు ఏసిన తండ్రీ, తగ్గుతది. తగ్గించుకో," అని దాని పక్కనే కూర్చుని బతిమాలాడు. తగ్గలేదు. తెల్లారేసరికి గాయాలు వాసన కొట్టడం మొదలైంది.

ఆ మధ్యాహ్నమే సైఫ్ తిరిగొచ్చాడు. పెట్టెలోకి చూసి ముక్కు మూసుకున్నాడు. ఎలుకను కొట్టి వేశావా అని అడిగాడు. లేదన్నాడు లింబాద్రి. దగ్గర నిలబడ్డావా అని అడిగాడు. లేదన్నాడు. సైఫ్ కొట్టలేదు, గట్టిగా తిట్టను కూడా లేదు. తిట్టినా బాగుండేదని లింబాద్రికి అనిపించింది.

"సాబ్, డాక్టర్ దగ్గరికి తీస్కపోదాం," అని హిందీలో వేడుకున్నాడు.

"ఒంటెలకున్నాడు డాక్టర్. దీనికెవరున్నారు? బయటికి తీసుకెళ్లి మారో, ఖలాస్. మా నాన్న నమాజు నుంచి వచ్చేలోపు ఈ వాసన ఉండొద్దు."

ఇంటి వెనక ఇసుకలో లింబాద్రి గొయ్యి తవ్వాడు. గోనె సంచి మీద పామును మోసుకొచ్చి గోడ నీడన పడుకోబెట్టాడు. నిమిషంలో చీమలు కనిపెట్టాయి. అతను తువ్వాలతో చీమలను దులుపుతూ కూర్చున్నాడు. ఒకవైపు దులిపితే ఇంకోవైపు ఎక్కుతున్నాయి.

"తండ్రీ, నీ అంతట నువ్వే పో," అన్నాడు మెల్లగా. "నా చేతుల మీదికి తేకు. బాలవ్వ మొకం జూసి నీ అంతట నువ్వే పో."

బిడ్డనిమ్మని మొక్కిన నోటితోనే చావమని మొక్కడం అతనికే సిగ్గనిపించింది. పాము మాత్రం పోలేదు. కడుపు ఎగసిపడుతూనే ఉంది.

ఖాదర్ వచ్చి చూసి తల పట్టుకున్నాడు. చివరికి ధైర్యం కూడగట్టుకుని పార చేతిలోకి తీసుకున్నాడు.

"నువ్వు అటు తిరుగు లింబన్నా. పాపమొస్తే నాకే రానీ."

లింబాద్రి అటు తిరిగాడు. ఏం చేస్తాడు, మొన్నా అటే తిరిగాడు. వెనక పార పడ్డ చప్పుడైంది, వెంటనే ఖాదర్ గావుకేక వినిపించింది. దెబ్బ తల మీద పడలేదు, నడుము మీద పడింది. పాము మెలికలు తిరుగుతూ ఖాదర్ కాళ్ల వైపు దొర్లింది. అతను పార పారేసి గోడ దాకా పరుగెత్తాడు.

"నాతోని గాదు భాయ్, మాఫ్ చెయ్యి, నాతోని గాదు."

పాము నోరు తెరిచి ఇసుకను కరుస్తోంది. ఇంకెవరూ లేరు. లింబాద్రి పార తీసుకున్నాడు. ఈసారి అటు తిరగలేదు, తిరిగితే ఈ దెబ్బ కూడా తప్పుతుంది. పాలు కమ్మిన ఆ కళ్ల వైపే చూస్తూ మెడ మీద ఒకే దెబ్బ వేశాడు.

గొయ్యి పూడ్చాక ఖాదర్ కుళాయి దగ్గర అతని చేతుల మీద నీళ్లు పోశాడు.

"ఇంటికి చెప్పకు లింబన్నా. చెప్పకుంటే ఎవరికి తెల్సు?"

లింబాద్రి చేతులు కడిగినవే మళ్లీ కడుగుతున్నాడు. బాలవ్వ కానుపుకు ఇంకా మూడు నెలలుంది.