ఆషాఢంలో వచ్చిన బండి

మా ఆయన ఆనంద్ కుమార్‌కి బేరం చేతకాదు. ఆటో అతను ఎనభై అడిగితే, పాపం ఎండలో తిరుగుతున్నాడని వంద ఇచ్చి వచ్చే రకం. అలాంటి మనిషి నాకు మాట మాత్రం చెప్పకుండా ఎల్బీనగర్ షోరూముకి వెళ్లి కారు బేరం చేసుకొచ్చాడు.

మేం మనసుపడ్డది ఊరంతా ఎగబడుతున్న కారు. సాయంత్రం ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా, "నాలుగు నెలలు ఆగాల్నంట. డిస్కౌంట్ లేదంట. పైనుంచి అరవై వేల యాక్సెసరీల ప్యాక్ తీసుకుంటేనే బుకింగ్ అంట" అని వరసగా చెప్పాడు. అంతటితో ఊరుకోకుండా, "మంచోళ్లే, చాయ్ గూడ ఇచ్చిన్రు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది.

"అరవై వేలు యాడికెల్లి తెస్తవ్?" అన్నాను.

ఆయన నా మొహం చూడలేదు. బీరువా వైపు చూశాడు.

ఆ చూపు ఎందుకో నాకు తెలుసు. మా మామయ్య కొమరయ్య ముప్పై ఏళ్లు ఒక కంపెనీ బస్సు నడిపి రిటైరయ్యారు. అప్పుడు చేతికొచ్చిన డబ్బూ, ఆనంద్‌కి మంజూరైన లోనూ కలిపితే కారు ధర సరిగ్గా సరిపోతుంది. ఇక ఇంట్లో విడిగా ఉన్నవి నా అరవై వేలే. సరూర్‌నగర్‌లో మా ముందుగదిలో కూర్చుని జాకెట్లూ, స్కూలు యూనిఫాంలూ కుట్టి దాచుకున్నవి. కొత్తపేటలో రైతుబజారు ఎదురు గల్లీలో జంగయ్య కాకకు చెందిన షెట్టర్ దుకాణం ఒకటి ఖాళీ అయింది. అడ్వాన్సు అరవై వేలు. ఒకటో తారీకు లోపల తేల్చకపోతే సెల్‌ఫోన్ల దుకాణం వాళ్లకు ఇచ్చేస్తానన్నాడు. ముందుగదిలో నా మిషను పక్కన మంచానికి చోటు చాలక మామయ్య కాళ్లు ముడుచుకుని పడుకుంటున్నారు. నాకంటూ ఒక షాపు కావాలని ఎన్నేళ్లుగా అనుకుంటున్నానో దేవుడికే తెలుసు.

"షెట్టర్‌దేముంది, ఇంకోటి దొరుకుతది గద" అన్నాడు ఆనంద్ మెల్లగా.

"కార్ గూడ ఇంకోటి దొరుకుతది" అన్నాను.

మంచం మీద నుంచి మామయ్య అంతా విన్నారు. టీవీ కట్టేసి, "రేపు నేను గూడ ఒస్త. బండి నా పేరు మీదనే గద" అన్నారు.

మర్నాడు ముగ్గురం ఆటోలో బయల్దేరాం. బోనాల మైకులు ఇంకా మోగుతూనే ఉన్నాయి. నెలాఖరుకి రెండు రోజులుంది. షోరూం వెలవెలబోతోంది. అమ్మాయిలూ అబ్బాయిలూ టైలూ ఐడీ కార్డులూ వేసుకుని ఏసీలో ఖాళీగా నిలబడి ఉన్నారు. ఊరంతా ఎగబడుతున్న కారు అమ్మేచోట ఇంత ప్రశాంతత ఏమిటా అని అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

మౌనిక అనే సేల్స్ అమ్మాయి మమ్మల్ని కూర్చోబెట్టి ప్యాక్‌లో ఏమేం వస్తాయో చూపించింది. సీటు కవర్లు, మ్యాట్లు, అత్తరు సీసా లాంటిదొకటి. సీటు కవర్లకే పద్దెనిమిది వేలు. నమూనా చేతిలోకి తీసుకుని తిరగేసి చూశాను. కుట్టు ఎడంగా ఉంది, లోపలి ఫోము అప్పడంలా పలచగా ఉంది.

"గీ కుట్టుకు పద్దెనిమిది వేలా చెల్లే?" అన్నాను.

"కంపెనీ రేటక్కా, నేనేం జెయ్యాలె" అంది. ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు.

ఇంతలో మేనేజరు వచ్చాడు. పేరు రాఘవేంద్ర, గుంటూరు వైపు మనిషి. కాగితం మీద కొమరయ్య అన్న పేరు చదివి, మామయ్య పక్కనే కుర్చీ లాక్కుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"పెద్దాయనగారూ, మీ వయసుకి గౌరవమిచ్చి చెబుతున్నానండి. నాలుగు నెలలు కాదు, శ్రావణ శుక్రవారం నాటికే మీకు డెలివరీ ఇప్పిస్తాను. ఆ రోజుకి ఎంతమంది అడుగుతున్నారో మీకు తెలీదు. ఆ ప్యాకొక్కటి తీసుకోండి చాలు."

మామయ్య చాయ్ ఊదుకుంటూ, "అంటే బండ్లు లేవా సారూ?" అన్నారు.

"బండ్లు లేక కాదండీ. యార్డులో ఏడు నిలబడి ఉన్నాయి. బుక్ చేసుకున్నవాళ్లకి ఫోన్ చేస్తే, ఆషాఢంలో బండేమిటండీ అని మనమీదే కేకలేస్తున్నారు. మీర్‌పేట డాక్టరుగారైతే శ్రావణం వచ్చేదాకా ఫోన్ చేయొద్దన్నారు. పైవాళ్లేమో నెలాఖరులోగా బిల్లులు కావాలని మా ప్రాణాలు తీస్తున్నారు. ఏం చేస్తాం, మన ఆచారాలు మనవి కదండీ."

ఆయన గోడు అంత మనస్ఫూర్తిగా వెళ్లబోసుకుంటుంటే నేను కుర్చీలో ముందుకు జరిగాను. పేరు చూసి పొరబడ్డాడని అర్థమైంది. మామయ్య పుట్టినప్పుడు వాళ్లమ్మ కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకుని పెట్టిన పేరది. తర్వాత ఇంటిల్లిపాదీ బాప్తిస్మం తీసుకున్నారు గానీ పేరు అలాగే ఉండిపోయింది. చర్చిలో కూడా ఆయన కొమరయ్యే. ఇక నా నుదుటన బొట్టు లేదంటే, ఈ రోజుల్లో బొట్టు లేని మొహం చూసి ఎవరూ ఏమీ అనుకోరు.

మామయ్య చాయ్ పూర్తిగా తాగి కప్పు కింద పెట్టారు.

"గా ఏడిట్ల తెల్లది ఉన్నదా?"

"ఉందండి."

"ఎల్లుండి ఇస్తవా?"

రాఘవేంద్ర నవ్వాడు. "ఎల్లుండి కూడా ఆషాఢమేనండి."

"మాకు ఆషాఢం లేదు సారూ. మేము చర్చికి పోతం."

ఆ నవ్వు ఆయన మొహం మీదే కాసేపు నిలబడిపోయింది. వెనక మౌనిక టక్కున తల పక్కకు తిప్పుకుంది.

రాఘవేంద్ర తేరుకున్నాడు. "మంచిదండి. ఎల్లుండే తీసుకెళ్లండి. అయితే ప్యాకు మాత్రం..."

"సార్, ప్యాక్ ఎందుకు పెట్టిన్రు?" అన్నాను.

"డిమాండ్ అలా ఉందమ్మా."

"శ్రావణంల ఉంటది డిమాండ్. ఎల్లుండికి ఎంతమంది అడుగుతున్నరు? మేమొక్కలమే గద."

ఆయన బల్ల మీద పెన్ను తిప్పాడు. "సరే, సగం ప్యాక్ తీసుకోండి. ముప్పై వేలు."

"గట్లయితే పర్వాలేదు సార్..." అని ఆనంద్ మొదలుపెట్టాడు. బల్ల కింద ఆయన కాలు తొక్కాను. గట్టిగానే తొక్కాను. ఆయనకు దగ్గు వచ్చింది.

"ఏమీ వద్దు సార్. మాకు బండి చాలు" అన్నాను.

రాఘవేంద్ర అద్దాల గదిలోకి వెళ్లి ఎవరితోనో ఫోన్లో మాట్లాడాడు. చేతులూపాడు, తలూపాడు. ఆయన కుదరదంటే ఇంటికెళ్లాక ఆనంద్ మళ్లీ బీరువా వైపు చూస్తాడు, మామయ్య మొహం చూసి నేనే తాళం తీస్తాను. అది నాకు ముందే తెలుసు.

రాఘవేంద్ర బయటికొచ్చి, "ప్యాక్ తీసేశానండి. రేపు సాయంత్రానికి డబ్బు మొత్తం జమ కావాలి" అన్నాడు. ఆ పైన, "మ్యాట్లు నా తరఫున ఇస్తాను. మీ కోడలుగారు గట్టివారండి" అని మామయ్యతో అన్నాడు.

"మా ఇంట్ల ఒక్కలన్న ఉండాలె గద" అన్నారు మామయ్య.

నెల చివరి రోజున బండి తెచ్చుకోవడానికి వెళితే, షోరూం వాళ్లు అలవాటు కొద్దీ రిబ్బను కట్టి, కొబ్బరికాయ కూడా పట్టుకొచ్చి, మళ్లీ నాలుక కరుచుకున్నారు. మామయ్య బండి మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు. రాఘవేంద్ర కూడా చెప్పులు విడిచి నిలబడ్డాడు. మౌనిక నా చెవిలో, "అక్కా, గీ నెల నా టార్గెట్‌కు ఒక్క బండే తక్కువుండె. మీతోని నిండింది" అంది. నాకు చెప్పలేనంత సంతోషమైంది.

ఇంటి ముందు బండి ఆపగానే పక్కింటి యాదలక్ష్మి అక్క గుండెల మీద చెయ్యేసుకుంది.

"ఆషాఢంల తెస్తరా సాధనా? మీ ప్రభువు చూస్కుంటడు, నిజమే. గని నా మనసు ఊకోదు" అంటూ లోపలికి పోయి నాలుగు నిమ్మకాయలు తెచ్చింది. నేను మామయ్య వైపు చూశాను.

"పెట్టమ్మా, నీ చేతితోనే పెట్టు" అన్నారు ఆయన. ఆనంద్ వాటి మీదుగా బండి ముందుకు పోనిచ్చాడు.

అటు నుంచి అటే కొత్తపేట వెళ్లాం. డబ్బు సంచి నా ఒళ్లో ఉంది. జంగయ్య కాక దాన్ని చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఒకటో తారీకన్న గని, ఆషాఢంల అడ్వాన్స్ ముట్ట బిడ్డా. శ్రావణంల చూద్దాం. సెల్లుల దుకాణపోళ్లు గూడ అప్పుడే ఒస్తమన్నరు. కిరాయి ఓ వెయ్యి ఎక్కువ ఇస్తరంట."

షోరూంలో నా పక్కన కూర్చున్న ఆషాఢం ఇక్కడ ఆయన పక్కన కూర్చుంది. ఆనంద్‌కి బేరం చేతకాదన్నదాన్ని నేనే, సంచి మళ్లీ ఒళ్లోకి లాక్కున్నాను.

జంగయ్య కాక బండి చుట్టూ తిరిగి చూస్తూ ముందు చక్రం దగ్గర ఆగాడు. టైరుకి నిమ్మతొక్క అతుక్కుని ఉంది.

"మీరు గూడ పాటిస్తరా గివన్ని?" అన్నాడు ఆశ్చర్యంగా.

"మాకోసం పాటించేటోల్లు ఉన్నరు" అన్నారు మామయ్య.

కాక ఆ తొక్కనే కాసేపు చూశాడు. "ఎవలు?"

"పక్కింటోల్లు. కలిసి ఉంటున్నం గద. పైసలు ముట్టకు జంగన్నా, నీ నియమం నీది. తాళం ఇయ్యి. పైసలు శ్రావణంల తీస్కో."

కాక నవ్వుతూ మొలకున్న గుత్తిలోంచి ఒక తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. "పక్కింటోల్లు గింత చేసేటోల్లకు ఇయ్యకపోతే ఎట్ల? గని శ్రావణం దాక షాపు తెరిసినట్టు కావొద్దు, షెట్టర్ సగమే ఎత్తాలె బిడ్డా."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

ఆ సగం షెట్టర్ కింద నుంచి వంగి లోపలికెళ్లి మిషను వేసుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి మంచి గుడ్డా, మందపాటి ఫోమూ తెచ్చాను. నా షాపులో మొదట కుట్టినవి మా కారు సీటు కవర్లు. దగ్గర కుట్టు, రెండు వరసలు.

ఆదివారం చర్చికి బయల్దేరేముందు మామయ్య డ్రైవరు సీటులో కూర్చున్నారు. వెంటనే బండి తీయలేదు. కుట్టు వెంబడి వేలితో మెల్లగా తడిమారు.

"ముప్పై ఏండ్లు కంపెనీ సీట్ల కూసున్న బిడ్డా" అన్నారు. "ఇది మన సీటు."