రెమ్మ గ్రుచ్చిన పేడ

మార్గశీర్షమాసమున సూర్యుడింకను నెమిలిగుట్ట యావలి పార్శ్వముననే యుండగా, రాత్రియెల్ల గుట్టనెత్తిన గూడుకట్టిన మంచు మెల్లమెల్లగ జారి జొన్నచేలమీదుగ నూరిలోనికి దిగివచ్చుచు, ఇంటింటి కప్పులనుండి వెడలు పొగతో గలిసి యేది మంచో యేది పొగయో తెలియరాకుండ జేయు నా ప్రాతఃకాలమందు, ఊరికి వెలిగా దక్షిణముననున్న వాడలో నొక్క పూరిపాక మాత్రము పొగయన్నది లేక తడిసిన కాకివలె ముడుచుకొని యుండెను. ఆ పాక పోలమ్మది. ఆమెను గూర్చి బావికడ నెవరో చెప్పుకొనగా విన్న మాటను పొరుగింటి సిద్ధమ్మ పెరటిగోడమీదుగ కామాక్షమ్మ చెవిని వేసెను. కామాక్షమ్మ దానిని కడుపున దాచుకొనజాలక భర్తయగు చెంగల్రెడ్డికి కాఫీతోపాటు వడ్డించెను.

“వింటిరా, వాడలో పోలమ్మకు మతి పోయిందంట. చచ్చిపోయిన మొగుడి మడకను నరికి పొయ్యిలో పెట్టుకునిందంట. సిద్ధమ్మ చెప్పింది. దుక్కి దున్నే మడకను కాలుస్తారా యెవరైనా! అవతల కూతురు పచ్చి బాలింత. ఆ బిడ్డకేమవుతుందో యేమో.”

చెంగల్రెడ్డి గ్లాసును పెదవులకెత్తబోయి యాపి వంటింటివంక జూచెను. ఆ కాఫీని గాచిన నీలిమంట పొయ్యిలో నింకను పువ్వువలె విరిసి యుండెను. ఆ మంట యెచ్చటినుండి వచ్చినదో యాయనకంటె నెక్కువగ నెరిగినవాడు ఆ యూర లేడు.

చెంగల్రెడ్డి తిరుపతి కళాశాలలో ప్రకృతిశాస్త్రము చదివినవాడు. చదివిన చదువును సేద్యమునకు బెట్టవలెనను కోరికతో పెరటిలో గుంత త్రవ్వించి, ఇటుకలు పేర్పించి, ఇనుప డోలు బోర్లించి, ఆవుపేడనుండి మండెడు గాలి పుట్టించి వంటింటికి గొట్టము వేయించిన ఘనుడు. అంతటితో నాగక వీధివైపు గోడకు సున్నము కొట్టించి దానిపై ఎర్రమట్టితో నొక పెద్ద చక్రమును వ్రాయించెను. సూర్యుని వేడిమి పచ్చని యాకులలో జిక్కి గాలియందలి బొగ్గుపులుసువాయువును గడ్డిగా మార్చుటయు, ఆ గడ్డి ఆవు కడుపున బడి కొంత పాలును కొంత పేడయు నగుటయు, ఆ పేడ గుంతలో మురిగి గాలియై పొయ్యిలో మండి మరల బొగ్గుపులుసువాయువై యాకులను జేరుటయు, మిగిలిన మడ్డి చేనికి బలమగుటయు, అన్నియు బాణపుగుర్తులతో నందు జూపబడెను. చూడవచ్చినవారికెల్ల ఆయన బెత్తము పట్టి, బొగ్గు తిరిగివచ్చును గాని వేడిమి తిరిగిరాదనియు, అది చేతులు మారిన కొలది తరుగుచు బోవుననియు, కావున తుదిచేతికి జిక్కిన పిడికెడును వృథా చేయుట పాపమనియు బోధించుచుండెను.

ఆ తుదిచేయి యెవరిదో మాత్రము ఆయన గోడమీద వ్రాయించి యుండలేదు.

ఆ యూర నొక కట్టుబాటు కలదు. ఊరి పసులు గుట్టక్రింది బీడున మేయును. గుట్ట బోడిది. పుల్లయైన రాలదు. కావున బీడున బడిన పేడయే వాడలోని యాడువారికి పిడకలు, ఆ పిడకలే వారికి పొయ్యి. తెల్లవారుజామున పోయినయామె కంటబడిన పేడకుప్పలో నొక రెమ్మ గ్రుచ్చి ముందునకు సాగును. తిరిగివచ్చునప్పుడు తట్టకెత్తుకొనును. రెమ్మ గ్రుచ్చిన పేడను మరియొకరు ముట్టరు. బావికడ జుట్లు పట్టుకొని యేడుతరముల నెత్తి తిట్టుకొన్నవారు సైతము మరునాడు బీడున నొకరి రెమ్మనొకరు చూచి తొలగి పోవుదురు. పోలమ్మ తన కానుగరెమ్మలకు పాతచీరె యెర్రపీలిక కట్టునది.

చెంగల్రెడ్డి కొట్టమందలి పసుల పేడ ఆ గుంత యాకలికి చాలకపోయెను. డోలు పైకి లేవక మంట సన్నగిలి, పట్నమునుండి పెద్దలు చూడవచ్చు దినమున పరువు పోవునట్లుండెను. జీతగాండ్రను బీడునకు బంపగా వారు సగము తట్టలతో తిరిగివచ్చిరి.

“బీడంతా రెమ్మలే రెడ్డీ” యని వారిలో పెద్దవాడగు గురవడు నెత్తి గోకుకొనెను. “మా యమ్మ రెమ్మ కూడా ఉండాది. దాన్ని పీకితే నాకు రాత్రికి కూడు పెట్టదు.”

“రెమ్మ గుచ్చితే సొంతమయ్యేట్టుంటే, నేను పోయి తిరుపతి కొండమీద ఒకటి గుచ్చి వస్తాను లేరా!” యని చెంగల్రెడ్డి వేళాకోళమాడెను.

అందరు నవ్విరి గాని యొక్కడును కదలడయ్యెను. అంతట చెంగల్రెడ్డి పంచె యెగగట్టి తానే బీడునకు నడచి, దారిప్రక్క ఎర్రపీలిక గాలికాడుచున్న రెమ్మను జూచి, అది యెవరిదో తెలిసియు, దానిని పెరికి కంపలోనికి విసరివైచెను. యజమానుని చేయి పడిన పిదప జీతగాండ్ర చేతులు వెనుదీయవలసిన పని లేకపోయెను. నాటినుండి బీడున రెమ్మకు విలువ లేదయ్యెను. ఇంట మగదిక్కు గలవారు దూరమునుండి కట్టె మోసి తెచ్చుకొనిరి గాని పోలమ్మకా దిక్కు లేదు. గుంత నిండెను. పెద్దలు వచ్చిరి. నీలిమంటను జూచి చప్పట్లు చరచిరి.

ఇప్పుడు కామాక్షమ్మ నోట మడకమాట విన్న చెంగల్రెడ్డి గ్లాసు క్రింద బెట్టి వీధిలోనికి వచ్చి తన గోడయెదుట నిలిచెను. సూర్యునినుండి బయలుదేరిన బాణమొక్కటియు వాడవంక తిరుగలేదు. ప్రతి దినము దానియెదుట బెత్తము పట్టి నిలిచినవాడు ఆనాడు దారిన బోవువారు తన్ను జూతురేమోయని తలవంచి కొట్టములోనికి దూరెను. మొగము కడిగికొన్నవాడే మరల గడిగికొనెను. చెవులలోని వేడి మాత్రము దిగదయ్యెను.

కొంతసేపటికి గురవనిచే బండి కట్టించి కందికట్టె నింపించి వాడకు బయలుదేరెను. కామాక్షమ్మ బాలింతకని నువ్వులనూనె గిన్నె చేతబట్టుకొని వెంట నడచెను. వింత చూడవలెనని సిద్ధమ్మయు నా వెనుక మరికొందరును వాడ మొదటివరకు వచ్చి నిలిచిరి.

పాకలో మడక నిజముగనే కాలినది. మేడి మాత్రము మిగిలి పొయ్యిప్రక్క బడియుండెను. పోలమ్మ పెనిమిటి యరచేతులు రాపిడి పెట్టిపెట్టి నున్నజేసిన పిడికర్ర యది. కాలిన మడక, ఆయన పుట్టకమున్నే మొలచిన తుమ్మచెట్టు యెండలెల్ల ద్రావి త్రావి కూడబెట్టుకొన్న వేడిమి గలది. అన్నియేండ్ల యెండ యొక్క బాలింత స్నానపునీళ్లకే కరగిపోయెను. మూలను చింకిబొంతలో తల్లియు బిడ్డయు నొక్క ముద్దయై పడియుండిరి. బిడ్డ దగ్గుచుండెను.

“మతి పోలేదు సామీ” యని యడుగకమున్నే పోలమ్మ పలికెను. “బిడ్డ చలికి నీలుక్కపోతా ఉంటే మడకకు పసుపు పూసి పెట్టుకుంటానా? ఆయనే బతికుండింటే ముందు ఆయనే నరికి ఉండును.”

చెంగల్రెడ్డి పైపంచె తీసి చేతనుంచుకొనెను. ఆ వాడలో నాయన యట్లు చేయుట యెవ్వరును చూచి యుండలేదు.

“పోలమ్మా, ఆ పొద్దు బీడులో నీ రెమ్మ పీకింది నేనే.”

“తెలుసు సామీ. కలబందల చాటున నిలబడి చూస్తానే ఉండినా.”

“చూసి మరి యెందుకు అడగలేదు?”

“అడిగితే పేడకోసరం పోలమ్మ రెడ్డితో పోట్లాడిందంటారు గానీ, రెడ్డి పేడ దొంగతనం చేసినాడంటారా యెవరైనా?”

వాకిట గూడిన వాడవారిలో నెవరో నవ్వబోయి యాపుకొనిరి. గురవడు ఎడ్ల పగ్గము ముడి విప్పి మరల వేసికొనుచుండెను. చెంగల్రెడ్డికి కాలిక్రింది నేల తన్ను మోయుటకు సిగ్గుపడుచున్నట్లు తోచెను. కట్టె దింపుమని సైగ చేసెను.

“దించుకుంటా సామీ, వద్దనను. బిడ్డ ఉండాది గదా” యని పోలమ్మ తానే యొక మోపు నెత్తుకొని, “ఇది అయిపోయినాక?” యని యడిగెను.

ఆ ప్రశ్నలో నిష్ఠురము లేదు. పొయ్యి గలవారందరును అడుగు ప్రశ్నయే యది. ఐనను నలుగురి యెదుట తలవంచి నిలిచినవాని కది మరియొక చెంపదెబ్బవలె దాకగా, ఎట్లైన నీ సిగ్గునుండి గట్టెక్కవలెనను తొందరలో చెంగల్రెడ్డి గొంతు పెంచి యిట్లనెను.

“ఇంక మీ రెమ్మల జోలికి మావాళ్లెవరూ రారు. కొత్త పిడకలు యెండేదాకా మా యింటికి రా. మా పొయ్యి మండేది మీ పేడతోనే గదా. బిడ్డకు నీళ్లు అక్కడే కాచుకో. కూడు అక్కడే వండుకో. ఆ మంట నీది కూడా అనుకో.”

“చూసినారా, రెడ్డి మాటంటే అట్లుండల్ల!” యని సిద్ధమ్మ వాడ మొదటినుండియే మెచ్చుకొనెను. గురవని మొగమున సయితము వెలుగు వచ్చెను. చెంగల్రెడ్డి ఊపిరి విడిచి పైపంచె మరల భుజమున వేసికొనెను.

పోలమ్మ ఆయనను జూడలేదు. కట్టెమోపు దించి, మసిబట్టిన తన మట్టికుండను చేతికెత్తుకొని, నూనెగిన్నెతో వాకిటనే నిలిచి లోనికి కాలిడకయున్న కామాక్షమ్మ వంక దిరిగెను.

“ఈ కుండను మీ వంటింటి గడప దాటనిస్తారా అమ్మణ్ణీ?”

కామాక్షమ్మ నూనెగిన్నెను గడప కీవలనే నేలపై బెట్టి పెనిమిటి మొగము వంక జూచెను.