రాయ్‌పూర్ సంబంధం

నీలిమకు సంబంధం కుదిరిన రోజు వాళ్ళ నాన్న తన కుట్టుమిషను దగ్గరికి వచ్చిన ప్రతి ఒక్కరికీ అదే మాట చెప్పాడు. "రాయ్‌పూర్ సంబంధం. ఛత్తీస్‌గఢ్ అని కొత్త రాష్ట్రం పడింది కాదా, దానికి రాజధాని."

బొబ్బిలికి కాస్త లోపలగా ఉండే ఆ పల్లెలో రాయ్‌పూర్ చూసినవాళ్ళు ఎవరూ లేరు. స్టేషన్లో ఆగే రైలు మీద ఆ పేరు చదివినవాళ్ళు మాత్రం ఉన్నారు. నీలిమతో కలిసి ఏడో తరగతి దాకా చదివిన ఊర్మిళ బుగ్గ గిల్లి, "సిటీకి ఎల్లిపోతన్నావు. ఇంక మాలాటోల్లతో మాట్లాడతావేటే?" అంది.

పెళ్ళికొడుకు ఉమేష్‌ది పాలకొండ వైపు. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే మేనమామ పెంచాడు. ఇనుప చువ్వలు తయారుచేసే రోలింగ్ మిల్లులో పని కుదిర్చి పంపిందీ ఆయనే. ఎర్రగా కాలి పాములా దూసుకొచ్చే చువ్వను పట్టకారుతో పట్టి పక్క గాడిలోకి తిప్పడం ఉమేష్ పని. తక్కువ మాట్లాడే మనిషి. పెళ్ళిలో ఎవరో "రాయ్‌పూర్‌లో ఎక్కడ బాబూ?" అని అడిగితే, "ఊళ్ళోనే" అని నవ్వి ఊరుకున్నాడు.

వాళ్ళు రైలు దిగేసరికి ఇంకా తెల్లవారలేదు. ఆటోలో నీలిమ నిద్రమత్తులో భర్త భుజానికి ఆనుకుని కూర్చుంది. కాసేపు వెడల్పాటి రోడ్లు, దీపాలు కనిపించాయి. తర్వాత వరసగా ఆగి ఉన్న లారీలు. ఆ తర్వాత ఒక ఇరుకు సందులో ఆటో ఆగింది. ఒక గది, ఒక వంటిల్లు, పక్క వాటాతో కలిపి వాడుకునే కుళాయి. వెలుగొచ్చాక తలుపు తీసి చూస్తే ఇళ్ళ కప్పుల పైన పొగగొట్టాలు కనిపించాయి.

"రాయ్‌పూర్ అంటే ఇదేనేటండీ?" అంది.

"ఆ. ఇదే," అన్నాడు ఉమేష్, అటు చూడకుండానే.

అది బీర్‌గావ్. దానికి వేరే మున్సిపాలిటీ, వేరే బజారు, వేరే ఎన్నికలు ఉన్నాయి. ఒకప్పుడు రాయ్‌పూర్‌కు దూరంగా ఉన్న పల్లె. ఫ్యాక్టరీలు వచ్చాక పొలాల్లో గదులు లేచాయి. ఆ గదుల్లోకి ఒడిషా నుంచి, బీహార్ నుంచి, శ్రీకాకుళం నుంచి మగవాళ్ళు వచ్చి చేరారు. ఈలోగా రాయ్‌పూర్ పెరిగి పెరిగి దాన్ని చుట్టేసి ముందుకు సాగిపోయింది. ఆ పేరు నీలిమకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి ఉమేషే.

మొదటి రోజు ఉతికి ఆరేసిన పెళ్ళిచీర మీద సాయంత్రానికి సన్నటి నల్లపొడి పడింది. దులిపితే మరకైంది. ఆ తర్వాత ఆమె బట్టలు లోపలే ఆరేసుకోవడం మొదలుపెట్టింది. గదిలో చెమ్మ వాసన, తడి చీరల మధ్యనుంచి తల వంచి నడవడం. ఉమేష్ డ్యూటీకి వెళితే వచ్చేదాకా ఆమెతో మాట్లాడేవాళ్ళు లేరు. వచ్చాక కూడా అతను కళ్ళు ఎర్రగా, చేతులు బరువుగా వచ్చేవాడు. అన్నం తింటూనే తూలేవాడు. ఒక్కోసారి ఆమె వంటింట్లో గిన్నెలతో మాట్లాడుకునేది, తన గొంతు తనకు వినపడాలని.

ఇంటి యజమాని పేరు పరదేశి, పక్క వాటాలోనే ఉండేవాడు. అతని భార్య ముసలావిడ, మంచిది, ఆగకుండా మాట్లాడేది. ఆ ఛత్తీస్‌గఢీ నీలిమకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నవ్వి తల ఊపేది. ఆవిడ మాటల్లో ఒకటి మాత్రం తెలిసినట్టే ఉండేది. 'బీర్‌గావ్' అనేది పదేపదే. పాపం ముసలావిడకు బీరకాయంటే ఇష్టమేమో అనుకుని, ఒకనాడు నీలిమ బీరకాయ కూర వండి గిన్నె నిండా ఇచ్చింది. ఆవిడ తీసుకుని, తిని, గిన్నె కడిగి ఇచ్చి, మళ్ళీ అదే మాట అంది. ఇంకా కావాలంటోందని నీలిమ మర్నాడు కూడా అదే కూర వండింది.

"ఊరు సూపించరా?" అని ఉమేష్‌ను అడిగేది.

"సండే సూపిస్తాను. సండే నాకు ఛుట్టీ."

ఆదివారం వస్తే అతను రాయిలా నిద్రపోయేవాడు. లేపడానికి ఆమెకు మనసొప్పేది కాదు.

ఊర్మిళ ఒకసారి ఉమేష్ సెల్లుకు ఫోన్ చేసింది. ఏం చూశావు, ఎలా ఉంది, పెద్ద పెద్ద షాపులున్నాయా అని గుక్క తిప్పుకోకుండా అడిగింది. నీలిమ "ఉన్నాయే, శానా ఉన్నాయి" అని చెప్పి ఫోన్ ఇచ్చేసింది. ఆ అబద్ధం ఆమెను రెండు మూడు రోజులు తొలిచింది. ఒక పొద్దున ఉమేష్ డ్యూటీకి వెళ్ళగానే మంచి చీర కట్టుకుని, తలుపుకు తాళం వేసి, సందులు దాటి పెద్దరోడ్డు మీదికి వచ్చింది. అక్కడ ఒక ఆటోవాడు "రాయ్‌పూర్, రాయ్‌పూర్!" అని అరుస్తున్నాడు. రాయ్‌పూర్‌లో ఉండి రాయ్‌పూర్ అని అరుస్తాడేమిటి అనుకుంది. పెద్ద ఊరు కదా, నడిబొడ్డును అలా అంటారేమోలే అని ముందెక్కిన ఆడవాళ్ళ పక్కన ఇరుక్కుని కూర్చుంది.

ఆడవాళ్ళు దిగినచోట దిగింది. అది శంకర్ నగర్. చెట్ల నీడలో వెడల్పాటి రోడ్లు, గాజు తలుపుల దుకాణాలు, భుజాన సంచులు వేసుకుని ఆఫీసులకు వెళ్ళే ఆడవాళ్ళు. గోడలు తెల్లగా ఉన్నాయి. ఆరేసిన బట్టలు బాల్కనీల్లో గాలికి ఎగురుతున్నాయి. నీలిమ వాటినే ఎక్కువసేపు చూసింది. ఇంత బాగుంటే ఈయన ఎందుకు తీసుకురాలేదా అనుకుంది. ఒక వీధి, దాని పక్క వీధి, ఇంకో వీధి తిరిగింది. ఆకలి వేసి, ఎండ నెత్తిమీదికి వచ్చాక ఇల్లు గుర్తొచ్చింది.

ఆటోలు ఆగేచోటికి వచ్చి, వచ్చీరాని హిందీలో "రాయ్‌పూర్ జానా" అంది.

ఆటోవాడు ఆమెను ఎగాదిగా చూశాడు. "యే రాయ్‌పూర్ హీ తో హై" అన్నాడు. ఇది రాయ్‌పూరే కదా అని.

"ఇల్లు... ఘర్. ఘర్ జానా."

"ఘర్ కహాఁ?"

"రాయ్‌పూర్."

వాడు నవ్వాడు. పక్కవాణ్ణి పిలిచి చెప్పాడు, వాడూ నవ్వాడు. మూడోవాడు జాలిపడి, రైల్వేస్టేషన్లో దింపుతాను, అక్కడ పోలీసులుంటారు అన్నాడు. పోలీసు అనే మాట అర్థమై ఆమె వెనక్కి తగ్గింది. ఉమేష్ సెల్ నంబరు ఇంట్లో క్యాలెండరు మీద రాసి ఉంది. తలకెక్కలేదు. వీధి పేరు తెలియదు. ఎదురొచ్చినవాళ్ళకు ఏం చెప్పాలన్నా రాయ్‌పూర్ తప్ప ఇంకో మాట లేదు. తను పుట్టిన పల్లెలో గుడ్డివాడు కూడా ఇల్లు చేరతాడు. ఇక్కడ ఊరి పేరు నోట్లో ఉండి కూడా ఇల్లు లేదు. మందుల షాపు మెట్టు మీద కూలబడి, మోకాళ్ళ మీద తల పెట్టుకుని, "అమ్మా, ఇప్పుడేటి సేతునే" అని ఏడ్చింది.

"తెలుగువాళ్ళామ్మా?"

తలెత్తింది. తెల్ల యూనిఫారం మీద పూల చున్నీ కప్పుకున్న ఒక నడివయసు మనిషి, చేతిలో మందుల కవరు. ఇన్ని వారాల్లో ఉమేష్ కాకుండా ఎదురుగా నిలబడి తెలుగు మాట్లాడిన మొదటి మనిషి. నీలిమకు ఏడుపు ఇంకా ఎక్కువైంది.

ఆమె పేరు లిడియా. కాకినాడ మనిషి. దగ్గర్లోని ఆసుపత్రిలో నర్సు, డ్యూటీ దిగి మోవాలో ఉన్న ఇంటికి పోతోంది. షాపులోంచి మంచినీళ్ళు తెచ్చి తాగించి, మెట్టు మీదే పక్కన కూర్చుని సంగతంతా విన్నది.

"మీ ఆయన ఏం పని చేస్తారమ్మా?"

"ఇనప సువ్వలు సేసే మిల్లండి. ఉర్లా ఎల్తాననీసి ఎల్తారు."

"ఉర్లా అంటే ఫ్యాక్టరీల వైపు. అయితే ఇల్లు భన్‌పురిలోనా?"

"నేదండి. రాయ్‌పూరే."

"రాయ్‌పూర్లోనే ఉన్నాం తల్లీ మనం," అంది లిడియా. కాసేపు ఆలోచించింది. "బట్టల మీద నల్లగా పడుతుందా? బీర్‌గావ్ కాదు గదా?"

నీలిమ నోరు తెరిచింది. "ఆ మాట మా పక్కింటి ముసలావిడ రోజూ అంతాదండి! నేను బీరకాయనుకుని కూర వండి ఎట్టాను. రెండుసార్లు!"

లిడియా పెద్దగా నవ్వింది. నవ్వాక ఆమె కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. "అది మీ ఊరి పేరమ్మా. బీర్‌గావ్ వేరే ఊరు. చుట్టూరా రాయ్‌పూరే, మధ్యలో అది. మీ ఆయన చెప్పలేదా?"

"నేదండి."

లిడియా లేచింది. ఆటో పిలిచి, బీర్‌గావ్ అని చెప్పి, తను కూడా ఎక్కింది. దారిలో తన సంగతి చెప్పింది. వచ్చిన కొత్తలో డ్యూటీ నుంచి వచ్చి గోడకేసి తిరిగి కూర్చునేదాన్ననీ, ఆదివారం చర్చిలో తెలుగు పాట వింటేనే వారమంతా బతికినట్టుండేదనీ చెప్పింది. "ఇప్పుడు అలవాటైపోయింది. అలవాటైపోవడం కూడా ఏం గొప్ప కాదనుకో," అంది.

బీర్‌గావ్ బజారు మొదట్లోనే ఉమేష్ కనిపించాడు. డ్యూటీ దిగి వచ్చి తలుపుకు తాళం చూసినట్టున్నాడు, మిల్లు బట్టలతోనే పరదేశి సైకిల్ తొక్కుతూ ప్రతి దుకాణంలోకీ తొంగి చూస్తున్నాడు. ఆటోలో నీలిమను చూడగానే సైకిల్ వదిలేశాడు. అది రోడ్డు మీద పడింది.

లిడియా దిగి అతని ఎదురుగా నిలబడింది. "బాబూ, ఇంటికి తెచ్చుకున్న మనిషికి ఏ ఊళ్ళో ఉంటుందో చెప్పవా? పోలీస్ స్టేషన్‌కి పోయినా ఈ పిల్ల ఏమని చెప్పుకోవాలి?"

ఉమేష్ తల వంచుకున్నాడు. "తప్పయిపోయింది మేడమ్," అన్నాడు. లిడియా నీలిమ భుజం తట్టి, "మోవా రా అమ్మా ఒకసారి," అని అదే ఆటోలో వెళ్ళిపోయింది. మోవాలో ఎక్కడ అని అడగాలని నీలిమకు తోచింది ఆటో మలుపు తిరిగాకే. ఆ తర్వాత ఎన్నిసార్లో అనుకుంది గాని, ఆమెను మళ్ళీ చూడలేదు.

ఇంటికొచ్చాక ఉమేష్ కంచం ముందు కూర్చున్నాడు గాని అన్నం ముట్టలేదు.

"ఎందుకు సెప్పనేదు?" అంది నీలిమ.

ఉమేష్ కంచాన్ని కాస్త ముందుకు తోశాడు. "నీకన్నా ముందు నాకొక సంబంధం కుదిరింది. పార్వతీపురం వాళ్ళది. ముహూర్తం కూడా ఎట్టుకున్నారు. వాళ్ళ సుట్టం ఒకాయన శంకర్ నగర్లో ఉంతాడు. నా రూమ్ సూడ్డానికొచ్చి, ముక్కుకి రుమాలు అడ్డం ఎట్టుకుని నిలబడ్డాడు. ఇది రాయ్‌పూర్ కాదు, బీర్‌గావ్, పిల్లనిక్కడికి పంపకండనీసి ఫోన్లో సెప్పాడు. నా ఎదురుగానే సెప్పాడు. ఆ తర్వాత ఎవలికీ సెప్పనేదు. నీకు సెప్తే ఎల్లిపోతావనుకున్నాను."

"నేనేటి, ఊరికోసరం సేసుకున్నానా మిమ్మల్ని?"

"మీ నాన్న ఊరికోసరమే ఇచ్చాడు."

అది నిజమని నీలిమకు తెలుసు. ఇద్దరి మధ్యా అన్నం చల్లారిపోయింది. అతను ఇన్నాళ్ళూ ఆదివారాలు నిజంగా నిద్రపోయాడా, లేక కళ్ళు మూసుకుని పడుకున్నాడా అని ఆమెకు మొదటిసారి అనుమానమొచ్చింది. అడగలేదు.

మర్నాడు ఎస్టీడీ బూత్‌కు వెళ్ళి, పల్లెలో కిరాణా కొట్టుకు ఫోన్ చేసి తల్లిని పిలిపించుకుంది. "అమ్మా, మేముండేది బీర్‌గావ్‌లో," అని చెప్పింది.

"అదేటి? రాయ్‌పూర్ కాదా?"

"రాయ్‌పూర్ పక్కన. పక్కన కూడా కాదు, మధ్యలో. శానా ఫ్యాక్టరీలమ్మా. మసి పడతాది. బజారుంది, మున్సిపాలిటీ ఉంది. మనలాటోల్లే అంతానూ, పనులకొచ్చినోల్లు."

"మీ నాన్న ఊరంతా సెప్పుకున్నాడే," అంది తల్లి.

"ఇప్పుడిది కూడా సెప్పమను."

"ఒంట్లో బాగుందా నీకు?"

"బాగుంది."

తండ్రి ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత ఎన్నేళ్ళయినా ఆయన కుట్టుమిషను దగ్గర అది రాయ్‌పూర్ సంబంధంగానే ఉండిపోయింది.

ఆ వారం ఉమేష్ రాత్రి డ్యూటీలోకి మారాడు. ఆదివారం ఛుట్టీ లేదు. అయినా మధ్యాహ్నం తనే లేచి, మొహం కడుక్కుని, పరదేశి సైకిల్ అడిగి తెచ్చాడు. "రా, ఊరు సూపిస్తాను," అన్నాడు.

నీలిమ వెనక కూర్చుంది. సైకిల్ బజారులోంచి, మున్సిపాలిటీ ఆఫీసు ముందు నుంచి, బడి పక్క నుంచి వెళ్ళింది. ఒకచోట ఆపి, రేకుల కప్పున్న పొడుగాటి గదుల లైన్ చూపించాడు. పెళ్ళికి ముందు అతను ఉన్నదక్కడే. ఒక్క గదిలో ఆరుగురు, ముగ్గురు డ్యూటీకి పోతే ముగ్గురు పడుకునేవాళ్ళు. ఇంకోచోట ఒక భోజన హోటలు చూపించాడు. సంక్రాంతైనా దసరాయైనా ఆ బల్ల దగ్గరే తిన్నానన్నాడు. హోటలాయన తలుపులోంచి ఉమేష్‌ను చూసి చెయ్యూపాడు, వెనకున్న నీలిమను చూసి ఆశ్చర్యపోయాడు.

"మనోల్లు ఎవలూ నేరా ఇక్కడ?" అంది నీలిమ.

"ఉండేవోల్లు. జీతం కాస్త పెరిగితే అవతలికి ఎల్లిపోతారు. మోవా, శంకర్ నగర్."

"ఎల్లినోల్లు మల్లీ రారా?"

"ఎందుకొస్తారు?"

అతనలా అంటున్నప్పుడు వీపు మాత్రమే కనిపిస్తోంది ఆమెకు. చొక్కా మీద రెండుచోట్ల నిప్పురవ్వలు పడి కాలిన చిల్లులున్నాయి. ఆ చిల్లులు తను ఇన్నాళ్ళూ ఉతుకుతూనే ఉంది. కుట్టాలని తోచలేదు.

లారీల రోడ్డు మీదికి వచ్చాక అతను బ్రేక్ వేసి కాలు నేలకు ఆనించాడు. "ఇక్కడి నుంచి అటంతా రాయ్‌పూర్," అన్నాడు. మళ్ళీ సందేహించాడు. "ఆ పెట్రోల్ బంకు దాటాకేమో మరి. నాకూ సరిగ్గా తెలీదు."

నీలిమ చూసింది. బంకుకు ఇటూ అటూ అదే దుమ్ము, అవే లారీలు, అవే టీకొట్లు. ఎక్కడా గీత లేదు.

"ఎల్దామా అటు?" అన్నాడు ఉమేష్. "సాయంత్రం దాకా టైముంది."

"వద్దండి. పడుకోవాలి మీరు. రాత్రి డ్యూటీ కాదా."

అతను సైకిల్ తిప్పాడు. ఇంటికొచ్చి, గోడవైపు తిరిగి, నిమిషాల్లో నిద్రపోయాడు. ఈసారి అది నిద్రే, గురక వినిపించింది. నీలిమ డబ్బాలోంచి సూదీ దారమూ తీసి, గడప మీద వెలుగులో కూర్చుని, అతని చొక్కా ఒళ్ళో పరుచుకుంది.