మిక్సరు కాలికి వేసిన ఎర్ర తాళం

నేను ఒక ఎర్ర తాళం కప్పను. అరచేతిలో ఇమిడిపోతాను. ప్రస్తుతం ఒక పెద్ద కంపెనీ శిక్షణ హాల్లో, గాజు పెట్టెలో, నీలం మఖమలు గుడ్డ మీద పడుకుని ఉన్నాను. పైన చిన్న బల్బు, కింద ఇత్తడి రేకు మీద నా గొప్పతనం. వచ్చినవాళ్ళు వంగి చూసి ఫొటో తీసుకుని పోతుంటారు. మర్యాదకేమీ లోటు లేదు. కానీ ఈ గాజు పెట్టెకి కూడా ఒక బుల్లి తాళం ఉంది. తాళానికి తాళం వేసే మనుషులు ఉంటారని ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

పుట్టింది ఉత్తరాదిన, ఇంటింటా తాళాలు చేసే ఊళ్ళో. నాతోపాటు పుట్టినవాళ్ళు హుండీలకీ, బట్టల కొట్లకీ, ఇనప్పెట్టెలకీ వెళ్ళారు. వాళ్ళందరి పనీ దొంగల్ని ఆపడమే. నాకు మాత్రం ఎర్ర రంగు పూసి, ఒకే ఒక్క చెవి ఇచ్చి, మారుచెవి లేకుండా చేసి, నువ్వు మంచివాళ్ళని ఆపాలి పో అని పంపించారు. మంచివాళ్ళని ఆపడమేమిటో అప్పుడు నాకు అర్థం కాలేదు. తొందరలో ఉన్న మంచివాణ్ణి ఆపడం దొంగని ఆపడం కంటే కష్టమని తర్వాత తెలుసుకున్నాను.

నన్ను కొన్నది ఈ కంపెనీయే, భీమవరం పక్కన రొయ్యల మేత తయారుచేసేది. సోయా పొడి, చేప పొడి, నూనె అన్నీ కలిపే మిక్సర్లు ఇక్కడ వరసగా ఉంటాయి. ఒక్కో మిక్సరూ పడుకోబెట్టిన లారీ ట్యాంకు అంత. లోపల మనిషి ఎత్తు ఇనుప రెక్కలు. తిరిగి తిరిగి గోడలకి మేత అట్టలు కట్టేస్తే, మనిషి పై మూతలోంచి దిగి గీకాలి. దిగేముందు మిక్సరు కాలికి ఉన్న స్విచ్చి దించి, దాని కన్నంలోంచి నా కొండీ దూర్చి తాళం వేసి, చెవి తన దగ్గరే పెట్టుకోవాలి. నేను అక్కడ వేలాడుతున్నంతసేపూ లోపల మనిషి ఉన్నట్టు. ఎవరి తాళం వాళ్ళే తియ్యాలి. ఇంత సులువైన సంగతి చెప్పడానికి కంపెనీ ఒక శాఖనే పెట్టింది.

ఆ శాఖకి పెద్ద సదానందం గారు, సేఫ్టీ మేనేజరు. చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. అంత్యప్రాసలతో గోడల నిండా నినాదాలు రాయించేవారు. పొద్దున్నే అందరిచేతా ప్రతిజ్ఞ చేయించేవారు. నన్ను మొదట ఎలక్ట్రీషియను చిట్టియ్యకి ఇస్తే, ఆయన నన్ను తీసుకెళ్ళి బట్టల బీరువాకి వేసుకున్నాడు. అందులో ఉన్నది ఒక మాగాయ సీసా. రెండు వానాకాలాలు నేను ఆ మాగాయకి కాపలా కాశాను. తనిఖీలో సదానందం గారు పట్టుకుని, చిట్టియ్యకి చివాట్లు పెట్టి, నన్ను మిక్సరు గీకే ఏసుపాదం చేతిలో పెట్టారు. "ఇది తాళం కాదు ఏసుపాదం, నీ ప్రాణం" అన్నారు. ఏసుపాదం ఆ మాట నిజంగానే నమ్మాడు. నా చెవిని మొలతాడుకి కట్టుకున్నాడు. పడుకున్నా లేచినా అది అతని ఒంటి మీదే ఉండేది. నాకు అంతకంటే గౌరవం ఎప్పుడూ జరగలేదు. ఈ మఖమలు ఆ మొలతాడు కాలిగోటికి చాలదు.

ఈ కంపెనీలో ఇంకో ఆచారం ఉంది. దానికి నినాదం లేదు. డ్యూటీ అయ్యాక లోపల కనిపిస్తే ఎందుకున్నావని మెమో ఇస్తారు. పని మిగిల్చి వెళ్ళిపోతే ఎందుకు మిగిలిందని మెమో ఇస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అందుకని జనం ఒక ఉపాయం కనిపెట్టారు. పని మిగిలినవాడు తన కార్డు తోటివాడికి ఇస్తాడు. ఆ తోటివాడు గేటు దగ్గర రెండు కార్డులూ కొట్టేస్తాడు. కంపెనీ లెక్కలో మనిషి ఇంటికి వెళ్ళిపోయినట్టే. మనిషి మాత్రం మిక్సర్లో గీకుతూ ఉంటాడు. ఈ సంగతి అందరికీ తెలుసు. సూపర్వైజర్లకి తెలుసు. ప్రతిజ్ఞ చేయించే ఆయనకీ తెలుసు. తెలియనట్టు ఉండడం కూడా ఉద్యోగంలో భాగమే కాబోలు.

ఏసుపాదం కార్డు కొట్టేది అతని బావమరిది దానియేలు. సంచులు కుట్టే విభాగంలో పని. ఇద్దరిదీ ఒకే మోటారుసైకిలు. దానియేలు కార్డులు కొట్టేసి, సైకిలు స్టాండులో బండి మీద కూర్చుని, బావ వచ్చేదాకా పాటలు వింటూ ఉండేవాడు.

చెరువుల్లో రొయ్య ఎదిగే కాలం అది. మేత కోసం లారీలు గేటు బయట బారులు తీరాయి. ఆ సాయంత్రం ఏసుపాదం మామూలుగానే కార్డు బావమరిది చేతిలో పెట్టి, స్విచ్చి దించి, నన్ను వేసి, ఒకసారి లాగి చూసి లోపలికి దిగాడు. కొంతసేపు గీకుతున్న చప్పుడు ఇనుము గుండా నాకు తెలుస్తూనే ఉంది. తర్వాత దబ్బుమని ఏదో పడింది. చేప నూనె మీద అతని కాలు జారింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

షిఫ్టు మారింది. కొత్తగా వచ్చిన ఆపరేటరు పైన మూత తెరిచి ఉండడం చూశాడు. మూతలు తెరిచి ఉంచరాదు అని గోడ మీద నినాదం ఉంది కదా. బుద్ధిమంతుడు, పైకెక్కి లోపలికి తొంగి చూడకుండానే మూసేశాడు, బోల్టులు కూడా బిగించాడు. దిగి వచ్చి బటన్ నొక్కితే మిక్సరు కదల్లేదు. చుట్టూ తిరిగి చూస్తే కాలి దగ్గర నేను.

ఏసుపాదం మర్చిపోయి చెవి పట్టుకుని ఇంటికి పోయాడన్నారు. ఫోను చేస్తే బట్టల బీరువాలో మోగింది, అదీ మర్చిపోయాడన్నారు. షిఫ్టు ఇన్‌ఛార్జి సదానందం గారిని పిలిపించాడు. తాళం కొయ్యాలంటే సేఫ్టీ మేనేజరే కొయ్యాలని రూలు. ఆయన ఫోనులో హాజరు చూశారు. కార్డు ఎప్పుడో కొట్టేసి ఉంది. ఇన్‌ఛార్జి లారీల సంగతి గుర్తుచేశాడు. పైవాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. కోసేముందు మూత తీయించి లోపలికి చూడాలని కూడా రూలు ఉంది, అది రాసింది కూడా ఆయనే. తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని అన్నట్టు రూలులో మొదటి సగం గుర్తుంది, రెండో సగం మరిచారు. పెద్ద కట్టరు తెప్పించి స్వయంగా పట్టుకున్నారు.

అప్పుడే లోపల ఏసుపాదానికి తెలివి వచ్చింది. చీకటి. పైన మూత. విరిగిన కాలు రెండు రెక్కల మధ్య. చేతిలో ఉన్న గీకుడు రేకుతో గోడని కొట్టసాగాడు. పక్క మిక్సర్ల హోరులో అది మనుషుల చెవికి ఆనలేదు. నాకు మాత్రం ఒక్కో దెబ్బా తెలుస్తోంది. అతను ఇనుములో, నేను ఇనుముకి. చెప్పడానికి నాకు నోరు లేదు. నాకు చేతనైనది ఒక్కటే, విడవకుండా పట్టుకోవడం. కట్టరు మొదటి కాటు వేసింది. కొండీ సగం దాకా తెగింది. నాకు భయం వేసింది. నేను తెగడం గురించి కాదు. నేను తెగిన మరుక్షణం ఆపరేటరు వేలు బటన్ మీద ఉంటుంది.

సదానందం గారు కట్టరు సర్దుకుంటుండగా దానియేలు వచ్చాడు. బావ ఎంతకీ రాకపోతే చూసిపోదామని వచ్చాడు. కట్టరు చూశాడు, నన్ను చూశాడు, మూసి ఉన్న మూత చూశాడు. ఇంకొకడి కార్డు కొట్టినట్టు తేలితే ఉద్యోగం ఊడుతుందని గేటు దగ్గరే బోర్డు ఉంది. అతను రోజూ దాని కిందే నిలబడి రెండు కార్డులూ కొట్టేవాడు.

"ఆగండి సార్. బావ ఇంటికెళ్ళలేదండి. కార్డు నేనే కొట్టేను."

ఇన్‌ఛార్జి అతని కేసి చూసి, ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా అన్నాడు.

"తెలిసే అంటన్నానండి. ముందు మూత తీయించండి."

సదానందం గారి చేతిలోంచి కట్టరు జారి నేల మీద పడింది.

ఏసుపాదాన్ని ప్రాణాలతో పైకి తీశారు. చెవి మొలతాడుకే ఉంది. సదానందం గారు ఆ సాయంత్రం మిక్సరు కాలి దగ్గర, అందరూ చూస్తుండగా, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆ ఏడుపు అబద్ధం కాదు.

తర్వాత జరిగింది కూడా అబద్ధం కాదు. చెవి ఉన్నా తియ్యకుండా, కన్నం చుట్టూ ఉన్న రేకు కోసి నన్ను స్విచ్చి నుంచి విడిపించారు, మూసిన తాళాన్ని మూసినట్టే. పై ఆఫీసుకి రిపోర్టు వెళ్ళింది. కంపెనీ రక్షణ విధానం ఒక ప్రాణం కాపాడిందని పైవాళ్ళు మెచ్చుకుని సదానందం గారికి శాలువా కప్పారు. కార్డు సంగతి వేరే శాఖ చూసుకుంది. ఏసుపాదం బతికి బయటపడ్డ మనిషి, కంపెనీ గొప్పకి సాక్ష్యం, అతనికి మెమోతో సరిపెట్టారు. దానియేలుని తీసేశారు. అతను సదానందం గారి గదికి వెళ్ళి అడిగితే, "నా చేతుల్లో ఏమీ లేదయ్యా" అన్నారట. కట్టరు పట్టుకున్న రోజున మాత్రం అంతా ఆ చేతుల్లోనే ఉంది.

భద్రతా దినోత్సవం నాడు ఈ గాజు పెట్టెని ఆవిష్కరించారు. పైనుంచి వచ్చిన పెద్దలు ముందు వరసలో, కార్మికులు వెనక. ఏసుపాదాన్ని వేదిక ఎక్కించారు. ఇంకా కుంటుతున్నాడు. సదానందం గారు మైకు పట్టుకుని, ఇలాంటప్పుడు నిజం తెలిసినవాళ్ళు ఏం చెయ్యాలో మనవాళ్ళకి నువ్వే చెప్పు అన్నారు. చక్కగా రెండు మాటలు మాట్లాడి దిగిపోతాడనుకున్నారు.

"మా బావమరిది చెప్పేడు కదండీ," అన్నాడు ఏసుపాదం. "ఇప్పుడు చెరువు గట్టు మీద కాపలా పని చేసుకుంటన్నాడు." హాలు కేసి తిరిగాడు. "ఈసారి మీలో ఎవరైనా లోపలుండిపోతే, కార్డు నేనే కొట్టేనని ఎవరు చెప్తారు? చెప్పేవాళ్ళు చెయ్యెత్తండి."

వెనక వరసల్లో ఒక్క చెయ్యి లేవలేదు. నినాదాలన్నీ కంఠతా వచ్చినవాళ్ళే వాళ్ళంతా. సదానందం గారు నా కొండీ మీద ఉన్న కాటు కేసి చూస్తూ ఉండిపోయారు. ఏసుపాదం చొక్కా పైకెత్తి, మొలతాడు ముడి విప్పి, నా చెవిని బల్ల మీద పెట్టాడు. "ఇది కంపెనీదండి" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి పనికి రాలేదు.

ఆ చెవిని నా పక్కనే మఖమలు మీద పెట్టారు. జానెడు దూరం. తిప్పే చెయ్యి లేదు. మూసుకుని ఉంటేనే నేను చూడ్డానికి బాగుంటానట.

మధ్యాహ్నాలు హాలు ఖాళీగా ఉన్నప్పుడు సదానందం గారు ఒక్కరే వస్తారు. గాజు తుడుస్తారు, కాసేపు నిలబడతారు, వెళ్ళిపోతారు. ఆయన మీద నాకు కోపం పోయింది, జాలే మిగిలింది. సాయంత్రం షిఫ్టు మారే వేళకి గోడ అవతల మిక్సర్లు ఒక్కొక్కటే ఆగుతాయి. ఎవరో ఒకరు కార్డు ఎవరికో ఇచ్చి లోపలికి దిగే వేళ అది. లోపలి నుంచి ఎవరైనా కొడుతున్నారేమో అని రోజూ చెవులు రిక్కిస్తాను. మఖమలు మీద పడుకున్న తాళానికి ఏ దెబ్బా వినిపించదు.